మళ్ళీ మళ్ళీ విన్నా విసుగు రాని బాణీ

సినిమాకు నేపథ్య సంగీతం చేసేవారికి ఒక వెసులుబాటు ఉంటుంది. సన్నివేశం ఎన్ని సెకన్లో వాళ్ళకు ముందే తెలుసు. హీరో తలుపు తెరిచేది ఎప్పుడో, తల్లి కళ్ళు తుడుచుకునేది ఎప్పుడో తెర మీద చూసుకుని, సరిగ్గా ఆ చోటికి వయొలిన్లను తెచ్చి నిలపగలరు. వీడియో గేమ్‌కు సంగీతం చేసేవారికి ఆ వెసులుబాటు లేదు. ఆడే అమ్మాయి ఒక గుంటను మూడు సెకన్లలో దాటేయవచ్చు, లేదా అందులోనే పడుతూ లేస్తూ అరగంట గడపవచ్చు. ఎంతసేపైనా ఆ చోటికి రాసిన బాణీ మోగుతూనే ఉండాలి. వందోసారి విన్నా ఆ అమ్మాయికి సౌండ్ ఆపేయాలనిపించకూడదు.

ఈ ఒక్క షరతు వల్ల గేమ్ సంగీతం స్వరరచన నేర్చుకునేవారికి మంచి బడి అయింది. అందమైన స్వరవాక్యం ఒకటి తట్టడం అదృష్టం కావచ్చు. దాన్ని వందసార్లు వినగలిగేలా కట్టడం మాత్రం నేర్చుకుంటే వచ్చే విద్య. కీబోర్డు ముందు కూర్చుంటే నాలుగు మంచి స్వరాలు దొరుకుతాయి, ఐదోది ఏమిటో తెలియక అక్కడే ఆగిపోతాం. ఇలా ఆగిపోయేవాళ్ళు తమకు ప్రతిభ లేదనుకుంటారు. చాలాసార్లు లోటు ప్రతిభలో ఉండదు. దొరికిన నాలుగు స్వరాలతో తర్వాత ఏం చెయ్యాలో వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు. గేమ్ సంగీతం చేసినవాళ్ళు ఆ పని ఎలా చేశారో చూసి, మనం ఇంట్లో ఎలా సాధన చెయ్యాలో ఈ అధ్యాయంలో తెలుసుకుందాం.

ఒకసారికి ఒక్కటే మార్చండి

1978లో జపాన్‌లో టైటో సంస్థ స్పేస్ ఇన్వేడర్స్ అనే ఆటను విడుదల చేసింది. దాన్ని రూపొందించింది తొమోహిరో నిషికాడో. తెర పైనుంచి గ్రహాంతరవాసులు వరుసలు కట్టి దిగుతుంటారు. వెనక నాలుగు మంద్ర స్వరాలు కిందికి దిగుతూ, మళ్ళీ మొదటికి వస్తూ ఉంటాయి. నేపథ్య సంగీతమంతా ఆ నాలుగు స్వరాలే. శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళ వేగం పెరుగుతుంది, వాళ్ళతోపాటు ఆ స్వరాల వేగమూ పెరుగుతుంది. చివరి శత్రువు దగ్గరికి వచ్చేసరికి ఆడేవాడి చేతులు చెమటలు పడతాయి. అందుకోసం కొత్త స్వరం ఒక్కటి కూడా చేర్చలేదు.

బాణీలో మన చేతిలో ఉండేవి ఐదు: స్వరాలు, లయ, వేగం, స్థాయి, వాయిద్యం. కొత్తగా రాసేవాళ్ళు రెండో వాక్యానికే ఈ ఐదింటినీ మార్చేస్తారు. దాంతో వినేవాడికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు. నాలుగింటిని అలాగే ఉంచి ఒక్కదాన్ని మార్చి చూడండి. స్వరాలు అవే ఉంచి లయ మార్చండి. లయ అదే ఉంచి పై స్థాయికి వెళ్ళండి. ఒక్క మార్పుతో ఎంత దూరం వెళ్ళవచ్చో తెలిసేదాకా రెండో మార్పు జోలికి పోకండి.

ప్రతి గొంతుకూ ఒక పని అప్పగించండి

నింటెండో సంస్థ 1983లో జపాన్‌లో ఫ్యామికామ్ అనే యంత్రాన్ని తెచ్చింది. అదే 1985లో ఎన్‌ఈఎస్ పేరుతో అమెరికా చేరింది. దాని చిప్‌లో ధ్వనికి ఐదు ఛానళ్ళు ఉంటాయి. బాణీ పలికించడానికి పల్స్ తరంగం ఇచ్చే ఛానళ్ళు రెండు, ఎక్కువగా బేస్‌కు వాడే త్రిభుజ తరంగం ఒకటి, డప్పు దెబ్బల కోసం బుసబుసమనే నాయిస్ ఒకటి, రికార్డు చేసిన చిన్న చిన్న శబ్దాలకు మరొకటి. త్రిభుజ తరంగానికి ధ్వని హెచ్చుతగ్గులు లేవు, మోగితే మోగుతుంది, లేకపోతే లేదు. ఆటలో గెంతే చప్పుడూ నాణెం చప్పుడూ కూడా ఈ ఛానళ్ళలోంచే రావాలి. చప్పుడు వచ్చిన ఆ క్షణానికి ఆ ఛానల్‌లో మోగుతున్న సంగీతం ఆగి దారి ఇస్తుంది.

ఇంత ఇరుకులో పనిచేసినవాళ్ళకు వృథా స్వరం రాసే అవకాశమే లేదు. ఒక పల్స్ బాణీ పలికితే, రెండోది దానికి జోడు స్వరం పలకాలి, లేదా ఖాళీల్లో జవాబు చెప్పాలి. త్రిభుజ తరంగం బేస్ పట్టుకోవాలి. నాయిస్ తాళం వేయాలి. 1982లో వచ్చిన కమోడోర్ 64 కంప్యూటర్‌లోని సిడ్ చిప్‌కు మూడే గొంతులు. కార్డ్ వాయించాలంటే, అంటే మూడు స్వరాలను కలిపి మోగించాలంటే, మూడు గొంతులూ దానికే చెల్లిపోతాయి. అందుకని రాబ్ హబ్బర్డ్ లాంటి స్వరకర్తలు కార్డ్‌లోని స్వరాలను ఒకే గొంతులో ఒకదాని వెంట ఒకటి అతివేగంగా పలికించారు. చెవికి అవి కలిసి మోగినట్టే వినిపిస్తాయి. తప్పనిసరై పట్టిన ఆ దారి ఆ కాలపు సంగీతానికి గుర్తుగా నిలిచిపోయింది.

ఇవాళ మన ల్యాప్‌టాప్‌లో వందల వాయిద్యాలు ఉన్నాయి. రచన సాగనప్పుడు ఇంకో వాయిద్యం కలపాలని చెయ్యి దానంతటదే వెళుతుంది. ఆ చెయ్యిని ఆపండి. బాణీ, బేస్, తాళం ఈ మూడింటితోనే ముక్క నిలబడుతోందా చూడండి. నిలబడకపోతే నాలుగో వాయిద్యం దాన్ని కాపాడలేదు. నిలబడితే, తర్వాత ఏది చేర్చినా దాని పని ఏమిటో మీరు ఒక్క మాటలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే దాన్ని తీసేయండి.

చిన్న భాగాలుగా కట్టండి

స్వరకర్త కోజి కొండో 1961లో నగోయాలో పుట్టారు, 1984లో నింటెండోలో చేరారు. మరుసటి ఏడాదే సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. మొదట రాసిన బాణీ మారియో పరుగుకూ గెంతులకూ అతకలేదని, ఆట నడక చూసుకుని మళ్ళీ రాశానని ఆయన ఇంటర్వ్యూలలో చెప్పారు. అలా పుట్టిన బాణీని 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేర్చుకుంది. ఆ జాబితాలోకి ఎక్కిన మొదటి వీడియో గేమ్ సంగీతం అదే.

ఆ బాణీని కాగితం పెన్ను పట్టుకుని వినండి. మొదట చిన్న పిలుపు లాంటి ఎత్తుగడ వస్తుంది. ఆ తర్వాత కొన్ని చిన్న భాగాలు వస్తాయి. ఒక భాగం రెండుసార్లు వినిపించి తప్పుకుంటుంది, ఇంకోటి వస్తుంది, కాసేపటికి పాతది తిరిగొస్తుంది. ఏ భాగమూ చెవికి మొహం మొత్తేదాకా ఉండదు. సుమారు నిమిషన్నరలో చుట్టు పూర్తవుతుంది. తిరిగి మొదలైనప్పుడు విసుగు రాదు, తెలిసిన మనిషి ఎదురైనట్టు ఉంటుంది.

కర్ణాటక సంగీతం కొద్దిగా నేర్చుకున్నవారికి కూడా ఇందులో ఒక పాత సూత్రం కనిపిస్తుంది. కృతిలో పల్లవిని ఒకేలా పదిసార్లు పాడరు. సంగతి మీద సంగతి వేస్తూ, ప్రతిసారీ కొంచెం పెంచుతూ పాడతారు. మొదటి సంగతి చెవిలో స్థిరపడింది కాబట్టే నాలుగో సంగతిలో వచ్చిన మార్పు మనకు ఆనందం ఇస్తుంది. తిరిగి రావడం, మారి రావడం, ఈ రెండింటి పాళ్ళు కుదిర్చేదే కూర్పు. సంగీతం క్లాసులో మీరు అక్షరం పొల్లు పోకుండా సాధన చేసిన సంగతులు గేమ్ బాణీ రాసేటప్పుడు నేరుగా పనికొస్తాయి. వాటిని వేరే లోకానివిగా చూడకండి.

అదే ఆటలో చోటు మారితే నడక మారడమూ గమనించండి. నేల కింద గుహలో తెగి తెగి వచ్చే చిన్న పదాలు, మధ్య మధ్య నిశ్శబ్దం. నీటిలోకి దిగితే మూడు దెబ్బల వాల్ట్జ్ నడక. గడియారం 100 కిందికి పడితే ఒక హెచ్చరిక మోగి, అదే బాణీ వేగం పుంజుకుంటుంది. తెర చూడకుండా చెవులతో వింటున్నా మారియో ఎక్కడున్నాడో చెప్పవచ్చు.

చుట్టు తిరిగే బాణీలో కష్టమైన చోటు దాని అతుకు. చివరి బార్‌లో, అంటే చివరి తాళావర్తంలో, ఆధార షడ్జం మీద వాలి విశ్రాంతి తీసుకుంటే పాట అయిపోయిందని చెవి నమ్ముతుంది. వెంటనే మళ్ళీ మొదలైతే కుదుపు తెలుస్తుంది. అందుకే చివరి బార్‌ను పంచమం మీదనో, పంచమం ఆధారంగా కట్టిన కార్డ్ మీదనో ఆపండి. అక్కడ ఆగిన చెవి షడ్జాన్ని కోరుకుంటుంది. ఆ కోరిక తీర్చే పని మొదటి బార్‌కు అప్పగించండి.

ఒక స్వరవాక్యాన్ని పూర్తిగా వాడుకోండి

1998లో వచ్చిన ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్ ఆటలో కథానాయకుడి చేతిలో ఒకరినా అనే ఊదే వాయిద్యం ఉంటుంది. ఆడేవాడు ఐదు మీటలతో దాన్ని వాయిస్తాడు. వాటిలో పలికే స్వరాలను మన లెక్కలో చెప్పుకుంటే షడ్జం, సాధారణ గాంధారం, పంచమం, చతుశ్రుతి ధైవతం, పై స్థాయి షడ్జం. తలుపులు తెరవడానికీ, గుర్రాన్ని పిలవడానికీ, వాన కురిపించడానికీ వేర్వేరు పాటలు నేర్చుకోవాలి. వాటిలో చాలా పాటలు మూడు స్వరాల పదాన్ని రెండుసార్లు వాయిస్తే పూర్తవుతాయి.

అందులో జెల్డా జోలపాటకూ, గుర్రాన్ని పిలిచే ఎపోనా పాటకూ వాడిన మూడు స్వరాలూ ఒకటే. వరుస మారింది, నిడివి మారింది. ఒకటి నిద్రపుచ్చుతుంది, ఇంకోటి పచ్చిక మైదానం మీదికి పిలుస్తుంది. మంచి స్వరాలన్నీ ముందువాళ్ళు వాడేశారని దిగులు పడేవాళ్ళు ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టుకుని వినాలి.

అమెరికన్ రూపకర్త టోబీ ఫాక్స్ 2015లో అండర్‌టేల్ అనే ఆటను చాలావరకు ఒంటిచేత్తో తయారుచేసి, సంగీతం కూడా తనే సమకూర్చారు. ఆ సౌండ్‌ట్రాక్‌లో 101 ముక్కలున్నాయి. వాటన్నిటికీ కొత్త బాణీలు కట్టలేదు. ఆట మొదట్లో కథ చెబుతూ మెల్లగా వినిపించిన బాణీ, చివరి పోరాటంలో హోరెత్తుతూ తిరిగొస్తుంది. అన్ని గంటలు ఆడి అక్కడికి చేరినవాడికి ఆ స్వరాల వెనక మొత్తం ప్రయాణం గుర్తొస్తుంది. పిరికి దెయ్యం ఒకటి, కోపిష్టి దెయ్యం ఒకటి వస్తాయి. ఇద్దరి పోరాటాలకూ మూలబాణీ ఒకటే, నడక వేరు. ఆ దెయ్యాలు ఒకే కుటుంబానివని సంగీతమే ముందు చెబుతుంది.

స్వరకర్త నొబువో ఉయెమాత్సు 1994లో ఫైనల్ ఫ్యాంటసీ 6 ఆటకు ఇదే పనిని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. ఫ్యామికామ్ తర్వాత వచ్చిన సూపర్ ఫ్యామికామ్‌లో ధ్వనికి ఎనిమిది ఛానళ్ళు, 64 కిలోబైట్ల జ్ఞాపకశక్తి. అంతలోనే 14 మంది పాత్రలున్న కథను నడిపారు, ముఖ్యపాత్రలకు సొంత బాణీలిచ్చారు, మధ్యలో ఒక ఒపెరా ప్రదర్శన పెట్టారు. 20 నిమిషాలు దాటే ముగింపు సంగీతంలో ఆ పాత్రల బాణీలు ఒక్కొక్కటిగా తిరిగొస్తాయి. పాత్ర మీద మనకు ఏర్పడిన ప్రేమంతా అక్కడ ఆ బాణీలోకి వచ్చి చేరుతుంది. కొత్త బాణీకి ఆ శక్తి ఉండదు, ఎంత అందంగా ఉన్నా సరే.

అందుకని ఒక ఆటకో, ఒక షార్ట్ ఫిల్మ్‌కో పది ముక్కలు రాయాల్సి వచ్చినప్పుడు పది బాణీల కోసం వెతకకండి. రెండు గట్టి బాణీలు ఎంచుకుని వాటిని పది సందర్భాల్లో నిలబెట్టండి. పని సగమవుతుంది, కథకు బిగువు వస్తుంది.

వినేవాడి అడుగుతో నడవండి

1991లో లుకాస్‌ఆర్ట్స్ సంస్థ మంకీ ఐలాండ్ 2 ఆటను విడుదల చేసింది. దానికోసం మైకేల్ లాండ్, పీటర్ మెకానెల్ ఐమ్యూజ్ అనే ఏర్పాటు చేశారు. అందులో ఉడ్‌టిక్ అనే ఊరు ఉంటుంది. వీధిలో ఒక బాణీ నడుస్తుంది. ఏ ఇంట్లోకి అడుగుపెడితే ఆ ఇంటికి తగ్గట్టు వాయిద్యాలూ పోకడలూ మారతాయి, బయటికి రాగానే వీధి బాణీ తిరిగి అందుకుంటుంది. ఎక్కడా తెగినట్టు అనిపించదు. సంగీతంలో ఏ చోట మలుపు తీసుకోవచ్చో స్వరకర్తలు ముందే గుర్తుపెట్టి ఉంచారు. ఆడేవాడు తలుపు తీయగానే, దగ్గరలో ఉన్న ఆ మలుపు దాకా ఆగి బాణీ తిరుగుతుంది.

ఇక్కడి నుంచి రెండు పద్ధతులు నేర్చుకోవచ్చు. మొదటిది ముక్కలను మార్చడం. ఒకరినా ఆఫ్ టైమ్‌లోని హైరూల్ మైదానానికి కొండో ఒకే పొడవాటి పాట రాయలేదు. దేని తర్వాత ఏదొచ్చినా అతికే చిన్న చిన్న ముక్కలు రాశారు. నాయకుడు ఊరికే నిలబడితే ప్రశాంతమైన ముక్కలు, శత్రువు దగ్గరికొస్తే ఉద్రేకపు ముక్కలు వస్తాయి. రెండోది పొరలు పేర్చడం. 2010లో వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్‌కు బిల్ ఎల్మ్, వుడీ జాక్సన్ సంగీతమంతా ఏ మైనర్‌లో, నిమిషానికి 130 దెబ్బల వేగంతో రికార్డు చేశారు. శ్రుతీ వేగమూ ఒకటే కాబట్టి ఏ గిటార్ మీద ఏ డ్రమ్ ఎక్కినా కలిసిపోతుంది. గుర్రం ఎక్కితే ఒక పొర చేరుతుంది, తుపాకులు పేలితే ఇంకో పొర చేరుతుంది.

రెండు పద్ధతులకూ ఆధారం ఒక్కటే. ఏవి మారకూడదో ముందే తేల్చుకోవాలి. శ్రుతి, వేగం, బార్ల సంఖ్య స్థిరంగా ఉంటేనే మిగతావన్నీ స్వేచ్ఛగా కదులుతాయి. రాయడం మొదలుపెట్టే ముందు ఈ మూడూ కాగితం మీద రాసుకోండి.

నాలుగు వారాల సాధన

సాధనకు ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. బ్రౌజర్‌లోనే నడిచే బీప్‌బాక్స్, ఎన్‌ఈఎస్ ధ్వనులతో రాసుకునే ఫ్యామీస్టూడియో, కంప్యూటర్‌లో వేసుకునే ఎల్ఎమ్ఎమ్ఎస్ ఉచితంగా దొరుకుతాయి. వీటిలో ఏదో ఒకటి ఎంచుకుని నెల పూర్తయ్యేదాకా మార్చకండి. రోజుకు అరగంట కేటాయించండి.

మొదటి వారం వినండి. మీకిష్టమైన గేమ్ బాణీ ఒకటి తీసుకోండి. భాగాలకు అ, ఆ, ఇ అని పేర్లు పెట్టి వరుస రాయండి. ప్రతి భాగం ఎన్ని బార్లు, ఎన్నిసార్లు తిరిగొచ్చింది, చుట్టు ఎక్కడ అతుక్కుంది, ఏ వాయిద్యం ఏ పని చేస్తోంది అన్నవి గుర్తించండి. వారంలో మూడు బాణీలకు ఇలా పటం గీస్తే చాలు.

రెండో వారం ఎనిమిది బార్ల చుట్టు రాయండి. బార్‌కు నాలుగు దెబ్బలు. బాణీ, బేస్, తాళం తప్ప ఇంకేమీ వద్దు. స్వరాలు ఐదుకు మించకూడదు. ఏవి తీసుకోవాలో తోచకపోతే మోహన రాగం తీసుకోండి. మొదటి రెండు బార్లలో ఒక పదం చెప్పండి, తర్వాతి రెండింటిలో దాన్ని కొద్దిగా మార్చి చెప్పండి, ఐదు ఆరు బార్లలో కొత్తచోటికి వెళ్ళండి, చివరి రెండింటిలో పంచమం దగ్గరికి వచ్చి మొదటికి దారి ఇవ్వండి.

మూడో వారం పరీక్ష పెట్టండి. రాసిన చుట్టును ఇరవై సార్లు మోగేలా పెట్టి, బట్టలు మడతపెట్టడమో గిన్నెలు సర్దడమో చేసుకోండి. ఎక్కడ చిరాకు పుట్టిందో ఆ బార్ సంఖ్య రాసుకోండి. చాలావరకు అది అన్నిటికంటే పై స్థాయి స్వరమో, గట్టి దెబ్బో, మీరు ముచ్చటపడి నాలుగుసార్లు వాడిన పదమో అయి ఉంటుంది. దాన్ని తీసేయనక్కర్లేదు. చుట్టులో ఒక్కసారే, చివరివైపు వచ్చేలా జరపండి. ఒక బార్‌లో బాణీని పూర్తిగా ఆపి చూడండి. వినేవాడి చెవికి విశ్రాంతి ఇచ్చిన బాణీ ఎక్కువకాలం నిలుస్తుంది.

నాలుగో వారం అదే బాణీని మూడు సందర్భాలకు రాయండి: కొత్త చోటికి అడుగుపెట్టడం, ప్రమాదం, గెలుపు. శ్రుతీ వేగమూ మార్చకుండా లయతో, వాయిద్యాలతో, పొరలతోనే తేడా చూపించండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా పిలిచి, పేర్లు చెప్పకుండా మూడూ వినిపించండి. ఏది ప్రమాదమో, ఏది గెలుపో వాళ్ళు కనిపెట్టగలిగితే మీ కూర్పు పనిచేస్తోంది. కనిపెట్టలేకపోతే ఏది ఎందుకు తికమకపెట్టిందో అడగండి, వాదించకండి.

ఈ నెల పూర్తయ్యాక తోడు వెతుక్కోండి. కొద్దిరోజుల్లోనే ఒక చిన్న ఆట తయారుచేసే గేమ్ జామ్‌లు జరుగుతుంటాయి. 2002లో మొదలైన లుడమ్ డేర్, 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ వాటిలో పేరున్నవి. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు, సంగీతం చేసేవాళ్ళు తక్కువ. మీ ఎనిమిది బార్లకు అక్కడ నిజమైన పని దొరుకుతుంది. మీ బాణీ మోగుతుండగా ఎవరో ఆడుతుంటే చూడడం వల్ల ఏ పుస్తకమూ నేర్పనంత నేర్చుకుంటారు.

పూర్తి చెయ్యడమే మొదటి నైపుణ్యం

1986లో మొదటి జెల్డా ఆట ఆరంభానికి స్వరకర్త రావెల్ రాసిన బొలేరో వాడాలని కొండో అనుకున్నారు. ఆట దాదాపు పూర్తయ్యాక దాని హక్కుల గడువు ఇంకా తీరలేదని తెలిసింది. అప్పుడాయన ఆటలో అప్పటికే రాసి ఉన్న మైదానం బాణీని తీసుకుని, ఒక్క రాత్రిలో ఆరంభ సంగీతంగా మలిచారని చెబుతారు. కట్టుదిట్టంగా రాసుకున్న బాణీ చేతిలో ఉంది కాబట్టే ఆ రాత్రి గట్టెక్కింది. నిర్మాణం తెలిసినవాడికి ఆపద సమయంలో అక్కరకొచ్చేది ఇదే.

సగంలో వదిలేసిన వంద స్వరవాక్యాల కంటే, చివరిదాకా రాసి అతుకు కుదిర్చిన ఒక్క చుట్టు మీకు ఎక్కువ నేర్పుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి మరచిపోయిన చిన్న చిన్న బాణీలు మీ దగ్గరా ఉండే ఉంటాయి. కొత్తదాని కోసం ఎదురుచూడకండి. వాటిలో ఒకటి ఈరోజే తీయండి, మూడు గొంతులు ఇవ్వండి, ఎనిమిది బార్లు పూర్తి చేయండి, ఇరవై సార్లు వినండి. వినగలిగితే మీరు స్వరకర్తగా మొదటి పని పూర్తి చేసినట్టే. వినలేకపోతే ఏ బార్ సరిచేయాలో తెలిసింది కాబట్టి, రేపు అక్కడి నుంచి మొదలుపెట్టండి.